నాలుగో గాటు

ఐలుమల్లు దొరవారి పందెం పడవను చప్పుడు కాకుండా చెరువులోకి తోశాడు. అందులో తొడలో తూటా దిగిన దళం మనిషి లచ్చుమయ్య, అతని భార్య వీరమ్మ ఉన్నారు. తెల్లవారేలోగా అవతలి అడవి చేరకపోతే రజాకార్లకు చిక్కుతారు.

హుస్సేన్‌సాగర్‌లో మూడు కప్పులు గెలిచిన పడవ అది. మూడోసారి బరువు తగ్గాలని దొర, చుక్కాని పట్టిన ఐలుమల్లు కళ్లముందే అతని తమ్ముడు ఓదెలును నీళ్లలోకి నెట్టాడు. శవం దొరకలేదు. గంగమ్మతల్లి ఆ గెలుపును ఎట్లా ఒప్పుకుందో ఐలుమల్లుకు ఇప్పటికీ అర్థం కాదు.

బరువు తెలియడానికి పడవ పక్కన మనిషికో గాటు పెట్టడం బెస్తల అలవాటు. దీనికీ ఐలుమల్లే పెట్టాడు. ముగ్గురెక్కితే మూడు మునగాలి. వెన్నెల్లో వంగి చూశాడు. నాలుగు మునిగాయి. పడవ అడుగు తడిమాడు. పొడిగానే ఉంది.

కట్టమీద లాంతర్లు కదిలాయి.

"మల్లు బాపూ, జర జల్ది!" అంది వీరమ్మ.

"పడవ బరువైంది బిడ్డా. తెడ్డుకు కదుల్తలేదు."

"అయితే నేను దిగుత. నాకు ఈతొచ్చు. ఈయన్ను దాటియ్యి."

ఆమె లేచి అంచుమీద కాలు వేసింది.

"కూసో! ఈ పడవల నుంచి ఇంకెవ్వరు దిగద్దు" అని గద్దించాడు ఐలుమల్లు.

అప్పటిదాకా వేలాడిన తెరచాప నిండుగా ఉబ్బింది. చెరువుమీద ఆకు కదిలేంత గాలి కూడా లేదు. పడవ పందెంలో ఉరికినట్టే ఉరికింది. వీరమ్మ తూలి కూలబడింది.

కళ్లు తెరవకుండానే లచ్చుమయ్య గొణిగాడు. "వీరమ్మా, గాయం మీంచి చెయ్యి తియ్యకు. సల్లగున్నది. నొప్పి తెలుస్తలేదు."

వీరమ్మ రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని ఉంది.