చప్పుడు సరిగ్గా లేదు

బెర్నడీన్ మళ్ళీ వచ్చింది. రెండు వారాల్లో ఇది నాలుగోసారి.

ఆవిడ కారు ఎప్పుడొచ్చి ఆగిందో యూజీన్‌కి తెలియనే లేదు. ఎవరిదో ట్రక్కు కింద పడుకుని, బిగిసిపోయిన బోల్టుతో కుస్తీ పడుతున్నాడు. పక్కకి తిరిగేసరికి ఎదురుగా ఆవిడ మంచుబూట్లు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాడు.

"ఇంకా బాగవలేదురా అబ్బాయ్," అంది బెర్నడీన్.

యూజీన్‌కి యాభై నాలుగేళ్ళు. అయినా ఆవిడకి అబ్బాయే. ఆవిడ డెబ్భై దాటినా ఇప్పటికీ మధ్యాహ్నం దాకా స్కూలు క్యాంటీన్లో వడ్డించి వస్తుంది. ఆ ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి క్యాబేజీ నూడుల్స్ తిని పెరిగినవాళ్ళే. అలాంటి మనిషి మీద నోరు పారేసుకోలేడు. పారేసుకోకుండా ఉండటమూ రోజురోజుకీ కష్టమైపోతోంది.

"ఏం బాగవలేదమ్మా? కాస్త విడమర్చి చెప్పండి."

"చప్పుడు."

"ఎలాంటి చప్పుడు? గరగరా? టకటకా? దడదడా?"

ఆవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. "చప్పుడు సరిగ్గా లేదు. అంతే."

వచ్చినప్పుడల్లా ఇదే వరస. మొదటిసారి ఏటా అందరూ చేయించుకునే కారు ఇన్‌స్పెక్షన్‌కే వచ్చింది. చూస్తే సైలెన్సర్ తుప్పుపట్టి జల్లెడైపోయింది. ఆ కారు బయల్దేరిందంటే రెండు వీధుల అవతల కుక్కలు లేచి మొరిగేవి. అలాంటిదానికి పాసైనట్టు స్టిక్కర్ వేస్తే రాష్ట్రం వాళ్ళు లైసెన్సు పీకి షెడ్డుకి తాళం వేయిస్తారు. అందుకని కొత్త సైలెన్సర్ బిగించి, అద్దానికి స్టిక్కర్ అంటించి పంపాడు.

మూడో రోజుకల్లా తిరిగొచ్చింది. పైపు క్లాంపులు మార్చాడు. మళ్ళీ వచ్చింది. అడుగున ఉన్న రేకులన్నీ బిగించాడు. డబ్బు వెనక్కిచ్చేస్తానన్నాడు. వద్దంది. ఇస్తానంటే వద్దన్న కస్టమర్ని చూడటం అతనికి అదే మొదలు.

"పాత సైలెన్సర్ ఏదిరా?" అని అడిగింది ఉన్నట్టుండి.

యూజీన్‌కి చుర్రుమంది. "అంటే, మార్చకుండానే మార్చానన్నాననా? రండి, వంగి చూడండి. తళతళలాడుతోంది."

"అయ్యో, అనుమానం కాదురా. పాతది ఏదని అడుగుతున్నా."

"పాత సామాను కావాలంటే మీరు సంతకం పెట్టిన కాగితం మీద ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాలి. మీరు పెట్టలేదు. తుక్కుబండి వాడు ఆ మంగళవారమే పట్టుకుపోయాడు. ఈపాటికి నుగ్గునుగ్గయిపోయి ఉంటుంది."

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ గడిలో ఎవరైనా టిక్కు పెడతారట్రా? తుప్పుముద్దని ఇంటికెవరు మోసుకెళ్తారు?" అంది నీరసంగా.

అదీ నిజమే. ఇరవై ఏళ్ళలో ఆ గడి నింపినవాళ్ళని ఇద్దర్నే చూశాడు యూజీన్.

"ఇంకొక్కసారి గనక ఇల్లు దాటి వెళ్ళిపోతే మా అన్నని తీసుకుపోతారట్రా," అంది బెర్నడీన్.

ఆవిడ అన్న క్లెమ్ సంగతి ఊరందరికీ తెలుసు. బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేకుండా చెల్లెలితోనే ఉండిపోయాడు. మూడేళ్ళుగా మతిమరుపు ముదిరి పేర్లూ మొహాలూ ఒక్కొక్కటే పోతున్నాయి. అయినా ఇల్లు కదిలేవాడు కాదు. ఈ రెండు వారాల్లోనే ఏం పుట్టిందో, మూడుసార్లు వెళ్ళిపోయాడు. రెండుసార్లు వాగు ఒడ్డున దొరికాడు. మూడోసారి మంచులో, ఒంటిమీద కోటు లేకుండా, రైలు పట్టాల మీద.

"నేను గుమ్మంలోకి వచ్చేసరికి వెనక తలుపు బార్లా తీసి ఉంటోంది," అంది ఆవిడ. "నర్సింగ్ హోముకి పంపాల్సిందేనని కౌంటీ ఆఫీసు వాళ్ళు చెప్పేశారు. పుట్టినప్పట్నుంచీ ఒకే కప్పు కింద ఉన్నామురా. అక్కడ పడేస్తే వారం బతకడు."

కారు దారిలో మొరాయిస్తే అన్న దగ్గరికి వేళకి చేరలేనని కాబోలు ఈవిడ భయం, అనుకున్నాడు యూజీన్. చేతులు తుడుచుకుని తాళాలు అందుకున్నాడు.

"రండమ్మా. ఇద్దరం ఒక చుట్టు తిరిగొద్దాం. ఆ చప్పుడేదో ఇవాళ తేలిపోవాలి."

గతుకుల రోడ్డు మీద నడిపాడు. రైలు గేటు దాటించాడు. చర్చి ఎత్తు ఎక్కించి దింపాడు. రేడియో కట్టేశాడు, హీటర్ కట్టేశాడు, అద్దాలన్నీ దించేశాడు. చలికి చెవులు పగిలిపోతున్నాయి. ఇంజన్ మాత్రం బంగారంలా ఉంది.

"నాకేం వినపడటం లేదమ్మా. ఒట్టు."

"నాకూ వినపడటం లేదు," అని బావురుమంది బెర్నడీన్.

యూజీన్ బిత్తరపోయి కారు పక్కకి ఆపాడు. "మరి నన్నేం చెయ్యమంటారు? నాకొచ్చిన విద్యంతా అయిపోయింది. నోరు విప్పి చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"చెబితే రేపు టిఫిన్ల దగ్గర ఊరంతా మా అన్న గురించే నవ్వుకుంటార్రా."

"నేను చెబితే కదా! మా అమ్మ మీద ఒట్టు, ఈ కారు దాటి బయటికి రాదు."

ఆవిడ చేతిగుడ్డతో మొహం తుడుచుకుంది. అద్దం మీది కొత్త స్టిక్కర్ వైపు చూసింది.

"ఆ పాత మోత మళ్ళీ తెప్పించరా అబ్బాయ్, అది వింటేనే వచ్చింది చెల్లెలని మా అన్నకి తెలిసేది, ఇప్పుడు సద్దు లేకుండా కారొచ్చి ఆగితే ఎవరో పరాయివాళ్ళనుకుని వెనక తలుపులోంచి పారిపోతున్నాడు."