పాతిక దాటని సైకిలు

పెరుగమ్మే సన్యాసమ్మ కరెంటు సైకిలు గంటకు పాతిక కిలోమీటర్లు దాటదు. గట్టిగా తొక్కితే బ్రేకు దానంతటదే పడుతుంది. ఊళ్లో సైకిళ్లన్నిటికీ అదే చట్టం. మన క్షేమం కోసమట! ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవి వీధి మలుపులోని కుక్కలు.

నిన్న అవి తరిమి సన్యాసమ్మ పిక్క కరిచేశాయి. విచారణకొచ్చిన రవాణా అధికారి సైకిలు మీటరు చూసి మురిసిపోయాడు.

"కుక్కలు తరుముతున్నా పరిమితి దాటలేదు. భేష్!"

"మరి కుక్కలకేటి బాబూ రూలు?"

"అవి మా శాఖ కిందికి రావమ్మా."

"మీ కారుకో?"

"అధికారుల కార్లకు మినహాయింపు ఉంది."

కారు రివ్వున దూసుకుపోయింది. మలుపులో కుక్కలు తల కూడా ఎత్తలేదు. చట్టం ఎవరి కోసమో వాటికి తెలుసు.