మొదటి పేషెంటు

“అమ్మికి మాత్రం తెలీనివ్వకండి. తెలిసిందంటే ఈ పూటే బస్సెక్కి పోద్ది” అంది రాజ్యం గొంతు తగ్గించి.

డాక్టర్ ఢిల్లీశ్వరరావు తలుపు సందులోంచి ముందుగదిలోకి చూశాడు. బెంచీ మీద ముప్ఫయ్యేళ్ల అమ్మాయి కూర్చుని, సంచీ తెరుస్తోంది, మూస్తోంది, మళ్లీ తెరుస్తోంది. పేరు పద్మకుమారి. తన భార్య రాజ్యానికి స్నేహితురాలి చెల్లెలు. శ్రీకాకుళం నుంచి ఆ ఉదయమే రాయగడలో దిగింది.

“ఏటి దాని బాధ?”

“ఏ పన్లోనూ నిలవదట. నాలుగు ఉద్యోగాలు మానేసింది. ఒకటి మొదలెడతాది, సగంలో ఇంకోటి పట్టుకుంటాది. మీరు వైజాగు మీటింగులో విన్నానన్నారే, పెద్దవాళ్లకీ ఉంటాదని…”

“ఏ.డి.హెచ్.డి! ధ్యాస ఒకచోట నిలవని జబ్బు!” డాక్టరు కళ్లు మెరిశాయి.

2004లో ఆ మాట రాయగడలో విన్నవాళ్లు బహు తక్కువ. అది పిల్లలకే కాదు పెద్దలకూ ఉంటుందని, తిట్టడం మాని అలవాట్లు నేర్పితే మనిషి కుదురుకుంటాడని ఆ మీటింగులో చెప్పారు. వెంటనే తన ఆస్పత్రిలో కౌన్సెలింగు మొదలుపెట్టాలని డాక్టరు తీర్మానించాడు. వెనకగదిలోకి బల్ల కూడా కొన్నాడు. మూడు నెలలుగా ఆ బల్ల మీద ఆయన విప్పి వదిలేసిన రేడియో ముక్కలు పరుచుకుని ఉన్నాయి.

“పేషెంటులా కాదు, అసిస్టెంటులా పెట్టుకుంటాను. కౌన్సెలింగు మొదలెట్టే ముందు పద్ధతులన్నీ మనమే చేసి చూసుకోవాలని చెప్తాను. వైద్యం జరిగిపోద్ది, దానికి తెలీనే తెలీదు!”

“ఎంత తెలివండీ మీకు!” అంది రాజ్యం.

ఆమె నోట మెచ్చుకోలు విని చాన్నాళ్లయింది. నెల రోజులుగా ఆవిడ, సునాబెడ బడిలో ఉద్యోగానికి పిలుపొచ్చిందని, పాపని తీసుకుని అక్కడికే పోతానని అంటోంది. డాక్టరు ఆ రోజు ఛాతీ విరుచుకునే తిరిగాడు.

మొదటి పాఠం మర్నాడే మొదలైంది.

“రోజుకి మూడు పనులే రాసుకోవాలి. మూడూ అయ్యేదాకా నాలుగోది ముట్టుకోకూడదు” అన్నాడు.

“అలాగేనండి. మరి మీరు?”

“నేనెందుకమ్మా?”

“ఒక్కరి మీద సేస్తే పద్ధతి మంచిదో కాదో ఎలా తెలుస్తాదండి? ఇద్దరం సేద్దాం.”

కాదంటే అనుమానపడుతుంది. పేషెంటు కోసం ఆ మాత్రం తప్పదనుకుని డాక్టరు కూడా కాగితం తీశాడు.

ఆ వారంలోనే గున్నయ్య జ్వరంతో పద్మపూర్ నుంచి వచ్చాడు. డాక్టరు అతని నోట్లో థర్మామీటరు పెట్టి, ఎదురింట్లో కొత్త పంపు దింపుతుంటే చూడ్డానికి వెళ్లాడు. పంపు బిగించేదాకా ఉండి, రెండు సలహాలు కూడా ఇచ్చి, ముప్పావుగంటకి తిరిగొచ్చాడు. పద్మకుమారి థర్మామీటరు తీసి పట్టుకుని కూర్చుంది.

“డాట్రు బాబూ, నాను సచ్చిపోనాననుకున్నారేటి? ఇంకో డాట్రు దగ్గరికి పోతాను” అని గున్నయ్య కండువా దులుపుకుని లేచిపోయాడు.

డాక్టరు పద్మకుమారి వైపు జాలిగా చూశాడు. “నన్ను కేకెయ్యాలని నీకు తోచలేదు. టైము మీద ధ్యాస లేదమ్మా నీకు. ఈ జబ్బు… ఈ అలవాటు అలాగే ఉంటాది.”

“పొరపాటేనండి. అలారం పెట్టుకుందాం. పేషెంటు ఎదురుగా ఉన్నప్పుడు అది మోగేదాకా ఇద్దరం కుర్చీలు దిగొద్దు” అంది ఆమె బుద్ధిగా.

కుర్చీలో పావుగంట కూర్చోవడం డాక్టరుకి ప్రాణం మీదికి వచ్చింది. పిల్ల కోసం ఓర్చుకున్నాడు. అయిదో వారంలో రెండు రోజులు కాగితం రాయడమే మానేశాడు. ఆమె తన కాగితం చూపించి ఊరుకుంది. సిగ్గేసి మళ్లీ రాశాడు.

ఒక సాయంత్రం పాఠం చెబుతూ అన్నాడు: “ఇది బద్ధకం కాదమ్మా. చిన్నప్పట్నించీ నిన్ను అందరూ తిట్టే ఉంటారు. తెలివుందిగాని లాభం లేదని. ఎంత గింజుకున్నా కుదరదు. ఎందుకు కుదరదో మనకే తెలీదు…”

“నీ తప్పు కాదని ఎవరైనా ముందే సెప్పుంటే బాగుణ్ణు కదండీ.”

“బాగుణ్ణు” అన్నాడు డాక్టరు, తన కాగితం మడత పెడుతూ.

నాలుగు నెలలు గడిచాయి. ఆస్పత్రి తొమ్మిదింటికల్లా తెరుచుకుంటోంది. రేడియో పాడుతోంది. గున్నయ్య అలక మాని కోడలిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. రాజ్యం సునాబెడకి రానని ఉత్తరం రాసేసింది.

వెనకగదికి ‘పెద్దలకు కౌన్సెలింగు’ అని బోర్డు కట్టిన రోజు డాక్టరు ఇక దాచలేకపోయాడు.

“కోప్పడకమ్మా. నిన్ను పిలిచింది అసిస్టెంటు పనికి కాదు. నీకు తెలీకుండా నాలుగు నెలలు వైద్యం చేశాను. చూడు, ఎంత మారిపోయావో!”

పద్మకుమారి కోప్పడలేదు. రాజ్యం పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

“మొదటి కేసు రికార్డండి. ఇప్పుడు మీరు సదవొచ్చు” అంటూ పద్మకుమారి ఒక ఫైలు అందించింది.

డాక్టరు ఆత్రంగా మధ్యలో తెరిచాడు. ‘రెండో వారం: రాయవలసినవి మూడు, రాసినవి పదకొండు, అయినవి సున్న. ఆరో వారం: కుర్చీలో పది నిమిషాలు. పదో వారం: మూడు పనులూ పూర్తి. మనిషిలో ఉత్సాహం.’

తన లోపాలు తనే ఇంత నిజాయితీగా రాసుకుందా! డాక్టరు మనసు నిండిపోయింది. మొదటినించీ చదువుదామని అట్ట తిప్పాడు.

పేషెంటు పేరు: డాక్టర్ ఢిల్లీశ్వరరావు.