బండి కింద పొడినేల

అన్నీ తెలిసిన ఓరిన్ ఏటా ఈ బళ్ల పార్కుకి వచ్చి, పోయి పోయి ఆ తొమ్మిదో నంబరు చోటులోనే ఎందుకు దిగుతాడు? ఎల్డన్‌కి ఏళ్ల తరబడి తీరని సందేహం ఇది. ఇప్పుడు జోరువానలో మోకాళ్ల మీద కూర్చుని, తాము కాపురముండే, ట్రక్కుతో లాగే బండి చక్రాల కింది చెక్కలు లాగుతూ మళ్లీ అదే ఆలోచిస్తున్నాడు. ఎందుకంటే అతని భార్య వర్నా ఈ చలికాలం ఆ తొమ్మిదిలోకే మారదామంటోంది.

“వాన తగ్గాక కదులుదాంలే, వర్నా.”

“ఓరెగాన్ తీరంలో నవంబరు వాన తగ్గేది మార్చిలో. లాగు.”

“అసలు మన పద్నాలుగుకేం తక్కువ? ఎత్తు మీద ఉంది. కంకర నేల, చుక్క నీరు నిలవదు. ఇసుకదిబ్బ గాలిని ఆపుతుంది. ఎండంటూ వస్తే ముందు మన కిటికీ మీదే పడుతుంది. ఆ తొమ్మిదో? వాన ఆగినా పైన చెట్లు సాయంత్రం దాకా కారుతూనే ఉంటాయి. ఓరిన్ బండి కప్పు చూశావుగా, ఆ నాచు మీద మేకను మేపొచ్చు.”

“ఆ చెట్ల వాసన నాకిష్టం.”

“ఇన్నేళ్లూ లేని ఇష్టం బుధవారం నుంచే పుట్టుకొచ్చిందా?”

వర్నా ఇంకో చెక్క లాగింది. బుధవారం పార్కులో బట్టలుతికే గదికి వెళ్లి వచ్చినప్పటి నుంచి ఆమె ఇదే పట్టు మీద ఉంది. పార్కును చూసుకునే మేవిస్‌తో అక్కడేం మాట్లాడిందో చెప్పదు.

చలికాలం మొదలవగానే చాలామంది బళ్లు తోలుకుని దక్షిణాన ఎడారి ఎండలోకి పోతారు. పోలేనివాళ్లూ, పోవాలనిపించనివాళ్లూ ఈ పార్కులో వాన కింద మిగులుతారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ మేవిస్ ముందు ఓరిన్ దగ్గరికి పంపేది. ఆయన వాళ్లను వెంటబెట్టుకుని, బూటు మడమతో నేల తన్ని చూపిస్తూ పార్కంతా తిప్పేవాడు.

“చోటు చూసుకోవాలంటే వాన పడుతుండగానే చూసుకోవాలి. ఎండలో అన్నీ బాగానే కనబడతాయి. తలుపు వైపు చక్రం కింద చెక్క వెయ్యండి, కప్పు మీది నీళ్లు అవతలికి పోతాయి. ఇక ముందొచ్చినవాళ్లదే చోటు. మొహమాటపడొద్దు.”

ఆయన మాట విన్నవాళ్ల పరుపు ఏనాడూ తడవలేదు. మరి మీరెందుకు అక్కడ అని అడిగితే మాత్రం, “సముద్రం హోరు తక్కువ,” అని ఊరుకునేవాడు.

ఎల్డన్, వర్నా ఇక్కడికి మొదటిసారి వచ్చిన రోజు కూడా ఇలాంటి వానే. కప్పు కారి మంచం మీద గిన్నె పెట్టారు. ఎల్డన్ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. “అదృష్టవంతులు, పద్నాలుగు ఇప్పుడే ఖాళీ అయింది,” అంది మేవిస్. వెళ్లి చూస్తే అంత వానలోనూ కంకర మీద బండి పొడవునా నేల ఇంకా పొడిగా ఉంది. ఎవరో అప్పుడే ఎడారి దారి పట్టారన్నమాట. అది దేవుడు చూపిన చోటేనని ఎల్డన్ నమ్మకం. ఏటా పార్కువాళ్లంతా కలిసి చేసే కృతజ్ఞతల పండుగ భోజనం ముందు కళ్లు మూసుకుని, “ప్రభువా, పేరైనా తెలియని ఆ బాటసారిని చల్లగా చూడు,” అని ప్రార్థించేవాడు.

బల్ల అవతలి చివర నుంచి ఓరిన్ అనేవాడు: “చల్లగా వద్దోయ్, కాస్త వెచ్చగా చూడమను.”

అందరూ నవ్వేవాళ్లు.

ఈ ఏడు ఓరిన్ అక్టోబరులో రాలేదు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసి చెల్లెలి ఇంట్లో మంచాన పడ్డాడు. పార్కంతా నిండిపోయినా ఆయన తొమ్మిదిలోకి మాత్రం ఎవరూ వెళ్లలేదు. వెళ్లాలని ఎవరికీ లేదు కూడా.

వర్నా ఫోను మోగింది. మేవిస్ మాట విని పెట్టేసింది.

“వంతెన దాటాడట. పద, ట్రక్కెక్కు.”

“ఎవరు, ఓరినా?” ఎల్డన్ చెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఆయన కోసమా ఇదంతా? ముందే చెప్పొచ్చుగా.”

“చెబితే నీ మొహం దాస్తుందా? ఇంకో చలికాలం ఆ చెమ్మలో ఉంటే బతకడని డాక్టరు అన్నాడట. తీసుకోండి అంటే తీసుకునే మనిషేనా ఆయన?”

వాళ్ల బండి తొమ్మిదిలో కుదురుకుంటుండగానే ఓరిన్ ట్రక్కు ఆయన బండిని లాక్కుంటూ వచ్చి ఆగింది. అద్దం దిగింది. మనిషి సగమయ్యాడు.

“అది నా చోటు.”

“ముందొచ్చినవాళ్లదే చోటని మీరే అంటారుగా,” అంది వర్నా.

“నీకు మతి పోయిందా అమ్మాయ్? ఇక్కడ నీళ్లు నిలుస్తాయి.”

“సముద్రం హోరు తక్కువట. ఎవరో చెప్పారు.”

వానకోటు తగిలించుకుని మేవిస్ వచ్చింది. “అదృష్టవంతుడివి ఓరిన్. పద్నాలుగు ఇప్పుడే ఖాళీ అయింది.”

ఓరిన్ దగ్గుతూనే ఆమె మొహంలోకి చూశాడు. మేవిస్ తన బూట్లు చూసుకుంది. దగ్గు ఆగాక ఆయన ట్రక్కును మెల్లగా పద్నాలుగు వైపు పోనిచ్చి, అక్కడ దిగాడు. కంకర మీద బండి పొడవునా నేల ఇంకా తడవలేదు. ఆయన ఆ పొడినేల అంచున నిలబడి టోపీ తీశాడు. తొమ్మిది వైపు తిరిగి ఆ టోపీ కొంచెం పైకెత్తాడు. తర్వాత బండిని వెనక్కి తోలి అందులో పెట్టుకున్నాడు.

ఎల్డన్ కళ్లు తుడుచుకున్నాడు. “నీది ఎంత మంచి మనసు, వర్నా.”

“మంచి మనసు కాదు, బాకీ. బుధవారం మేవిస్ చెప్పేసింది.” చెట్టు మీంచి పెద్ద చుక్క ఒకటి కప్పు మీద టప్పున పడింది. వర్నా పైకి చూసి, గిన్నె అందుకుంది.

“నువ్వు ఏటా ఎవరి కోసం ప్రార్థిస్తావో, ఆ బాటసారి ఆయనే.”