తోడిపెళ్లికూతురు

"తప్పుకుంటున్నానని చెప్పి వచ్చి కూర్చో. అంతే నీ పని," అని మా తెగ పెద్ద ఇల్మి మైకు దాకా వచ్చి మరీ చెప్పాడు దహబోకు.

సోమాలియా పార్లమెంటులో మా తెగకున్నది ఒక్కటే సీటు. పోటీలో ఇద్దరుండాలన్నది రూలు. అందుకని పెద్దలు తమ మనిషికి ఎదురుగా ఒంటెపాలు అమ్మే దహబోను నిలబెట్టారు. ఇలా పేరుకు నిలబడి, ఓట్లకు ముందు తప్పుకునేవాళ్లను మా దగ్గర తోడిపెళ్లికూతురు అంటారు.

దహబో మైకు అందుకుంది. "నేను తప్పుకోను."

"పిచ్చిగాని పట్టిందా? నీకెవరేస్తారే ఓటు?" అని అరిచాడు ఇల్మి.

"ఎవరూ వెయ్యనప్పుడు నీకెందుకు బాబాయ్ అంత కంగారు?"

ఓటు వేసే మా నూటొక్క మందినీ ఎంచింది ఇల్మియే. ఎవరికి వేయాలో చెప్పిందీ ఆయనే. అయినా పెట్టె తెరిస్తే దహబోకు పందొమ్మిది ఓట్లు వచ్చాయి. మిగతా ఎనభై రెండుతో పెద్దల మనిషి గెలిచాడు.

గెలిచినా ఇల్మి కోపం చల్లారలేదు. తలుపులు మూయించాడు.

"ఎవరా పందొమ్మిది మంది? తెగకు ద్రోహం చేసినవాళ్లు, దమ్ముంటే లేచి నిలబడండి!"

వెనక వరసలో ఒక ముసలమ్మ కర్ర ఊతంగా లేచింది. ఆమె పక్కనే అల్లుడు లేచాడు. తర్వాత ఒక్కొక్కరే లేవసాగారు. ఇల్మి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పందొమ్మిది దాటగానే ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

నిలబడినవాళ్లు నలభైముగ్గురు. వాళ్లలో నేనూ ఉన్నాను. నా ఓటు దహబోకు వేయలేదు.