పిల్లల పోలిక

కోరలీ అడిగింది ఒక్కటే. మాగ్నోలియాకు ఈ వసంతంలో జత కట్టిద్దామా, వద్దా? నాలుగు నెలలుగా ఆమె భర్త వెర్నన్ జవాబు చెప్పలేదు.

మాగ్నోలియా వాళ్ళింట్లో పెరిగిన కార్న్ స్నేక్, విషం లేని పెంపుడు పాము. మీగడ తెలుపు. దానికి నాలుగేళ్ళు నిండాయి. బరువు సరిపోయింది. చలికాలం రెండు నెలలూ చల్లటి గదిలో పస్తుండి ఈమధ్యే లేచింది. కాదనడానికి ఏ కారణమూ మిగల్లేదు, ఒక్కటి తప్ప. మగపాము డెక్స్‌ది.

డెక్స్ పాముల ప్రదర్శనలో వాళ్ళ పక్క బల్లవాడు. భార్య లేదు. నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. అతనితో మాటల్లో పడితే కోరలీ చేతిలోని కాఫీ చల్లారిపోయేది. అలా చల్లారిన ప్రతి కాఫీ వెర్నన్‌కు గుర్తుంది.

"మావాడు గోధుమరంగు. అసలు సిసలు అడవి రకం," అన్నాడు డెక్స్ ఒకసారి. "తెల్లపిల్ల పుట్టాలంటే తల్లి రక్తంలోనూ తండ్రి రక్తంలోనూ ఆ తెలుపు ఉండాలి. మావాడి వంశంలో అది లేదు. వచ్చేవన్నీ మావాడి పోలికే, వెర్నన్. తర్వాత నన్ను తిట్టుకోకు."

కోరలీ పకపకా నవ్వింది. ఆ పూట వెర్నన్ రొయ్యల కూర పక్కకు నెట్టేశాడు. ఇంటినిండా డెక్స్ పోలికలు పాకుతున్నట్టే అనిపించింది.

ఈ బాధ చెప్పుకోవడానికి అతనికి ఉన్నది పర్విస్ ఒక్కడే. బడినాటి స్నేహితుడు, పాములు పెంచడం నేర్పినవాడు. కోరలీ మాత్రం అతని పేరెత్తితే విసుక్కునేది, వట్టి సోదిమనిషి అని.

"నీ బాధ పాము గురించి కాదురా," అన్నాడు పర్విస్, వరండాలో ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుస్తూ.

"తెలుసు. ఏం చెయ్యమంటావు?"

"వద్దంటే కోరా మొహం మాడ్చుకుంటుంది. సరే అను. కానీ పామును నువ్వే తీసుకెళ్ళు, నువ్వే తీసుకురా. ఆమెను ఆ డెక్స్‌గాడి గుమ్మం తొక్కనివ్వకు."

"నువ్వొకడివి ఉండబట్టి బతికిపోయాను."

"ఉంటాలేరా. ఎక్కడికి పోతాను?"

మార్చి మొదట్లో కోరలీ మూడు రోజులు చార్ల్స్‌టన్‌లో అక్క దగ్గరికి వెళ్తానంది. మాగ్నోలియాను దిండు గలీబులో వేసుకుని, గలీబు మూతికి ముడి వేసింది.

"దాన్నెందుకు?"

"నీ దగ్గర వదిలితే మేత వెయ్యడం మర్చిపోతావు."

ఆమె కారు మలుపు తిరిగాక వెర్నన్ తన కారు తీశాడు. డెక్స్ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. డెక్స్ ట్రక్కు ఇంటి ముందే ఉంది. డెక్స్ పచ్చిక కోసుకుంటూ చెయ్యి ఊపాడు. మర్నాడూ అంతే, మూడో నాడూ అంతే. వెర్నన్ గుండెల మీది బరువు దిగిపోయింది. వెంటనే పర్విస్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

"చూశావా? ఇక హాయిగా ఉండు," అన్నాడు పర్విస్ ఆదరంగా.

కోరలీ తిరిగి రాగానే వెర్నన్ సరేనన్నాడు. షరతు కూడా చెప్పాడు. పేచీ పెడుతుందనుకున్నాడు. ఆమె "నీ ఇష్టం" అని ఊరుకుంది.

ఏప్రిల్‌లో మాగ్నోలియాను తానే తీసుకెళ్ళాడు. మూడు మధ్యాహ్నాలు డెక్స్ సోఫాలో బిగుసుకుని కూర్చున్నాడు.

"పెళ్ళికొచ్చావా, కాపలాకొచ్చావా?" అన్నాడు డెక్స్, చల్లటి తీపి టీ గ్లాసు అందిస్తూ.

"రెండింటికీ," అన్నాడు వెర్నన్. టీ ముట్టుకోలేదు.

మామూలు గడువుకన్నా ముందే, నెల తిరక్కుండానే మాగ్నోలియా పన్నెండు గుడ్లు పెట్టింది. "మావాడికి తొందరెక్కువ," అన్నాడు డెక్స్. వెర్నన్ గుడ్లను తడి నాచులో సర్ది, వెచ్చటి పెట్టెలో పెట్టాడు. రెండు నెలలు గోధుమరంగును సహించడానికి మనసును సిద్ధం చేసుకున్నాడు.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చేసరికి మొదటి గుడ్డు చీలి ఉంది. వెర్నన్ కోటు విప్పకుండానే పెట్టె ముందు కూర్చుని కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. సాయంత్రానికి పన్నెండూ బయటికి వచ్చాయి.

పన్నెండూ తెల్లవే. గులాబీ ఛాయ తిరిగిన తెలుపు. ఒక్కదాని ఒంటి మీదా గోధుమరంగు మచ్చయినా లేదు.

"కోరా, ఇలా రా. వీటిలో డెక్స్ పోలిక ఒక్కదానికీ లేదు," అంటూ ఎన్నో నెలల తర్వాత వెర్నన్ మనసారా నవ్వాడు. కోరలీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నవ్వు సగంలో ఉండగా అతనికి గుర్తొచ్చింది, ఆ జిల్లా మొత్తం మీద తెల్ల మగపాము ఉన్నది ఒక్క పర్విస్ ఇంట్లోనే.