పేరు పెట్టిన పెద్దమనిషి

"కనీసం ఈ కొత్త ఫీచర్‌కి పేరైనా నన్ను పెట్టనివ్వండి సార్," అంది ఆమె.

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మీ పని మీరు చూసుకోండమ్మా. పేర్లూ అవీ పెద్దవాళ్ళం మేం చూసుకుంటాం. కావాలంటే మీటింగుకి వచ్చి రెండు ముక్కలు చెప్పండి."

ఆమె పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చింది.

టీచర్లు కంప్యూటర్లో పాఠాలు తయారు చేసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. ఇన్నాళ్ళూ అందులో తయారైన పాఠాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదవాల్సిందే. కొట్టినపిండి అయినా సరే, దాటేయడానికి వీల్లేదు. పిల్లల్ని ఆ చెర నుంచి విడిపించింది ఆమే. ఇప్పుడు పాఠాలన్నీ తెరమీద పటంలా పరుచుకుంటాయి. ఏది కావాలంటే దానిమీద నొక్కి నేరుగా వెళ్ళొచ్చు, మళ్ళీ వెనక్కి రావొచ్చు.

కష్టం ఆమెది. ఛైర్మన్ ముందు నిలబడి "ఇది నాకొచ్చిన ఆలోచనే సార్" అన్నది మాత్రం డైరెక్టరు. అంతకుముందు ఆమెకు రావలసిన కుర్చీని తన్నుకుపోయిందీ ఆయనే. కూతురికి జ్వరమని సెలవడిగితే, అందరూ చూస్తుండగా "ఇల్లే ముఖ్యమైతే ఇంట్లోనే ఉండిపోండి" అన్నదీ ఆయనే. ఆయన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఈ ఫీచర్ పేరు చెప్పుకుని ఆయన తలెత్తుకు తిరగకుండా చేస్తానని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టర్ దగ్గర ఒట్టేసింది.

"ఎలా చేస్తావక్కా?" అంది టెస్టర్.

"తెలీదు. చేసి తీరతాను."

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. ఏ ఫీచరైనా బజారులోకి వచ్చే దాకా దానికో ముద్దుపేరు ఉంటుంది. ఒకదాన్ని 'గుమ్మడికాయ' అన్నారు. మొండికేసే ఇంకోదాన్ని 'మేనత్త' అన్నారు. కాఫీ మిషన్ దగ్గర చేరి వాటి మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు. డైరెక్టరు అటు వచ్చాడంటే అందరూ గప్‌చుప్. ఆయనేమో తలుపవతల నిలబడి చెవులు రిక్కిస్తాడు. ఆఫీసులో తనకు తెలియకుండా ఏదీ జరగదని ఆయన నమ్మకం.

పేర్ల మీటింగులో ఆమె "నచ్చిన దారి" అంది.

"బస్సు మీద రాసుకోవడానికా?" అన్నాడు డైరెక్టరు.

"పాఠాల పటం."

"గోడకు తగిలిద్దామా?"

ఆమె మొహం ఎర్రబడింది. ఇంకో పేరు చెప్పబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"ఎందుకింత ఆయాసం? పేరు మీ నోళ్ళలోనే నానుతోందిగా. కప్పగంతు!"

టెస్టర్ చేతిలో కాఫీ ఒలికింది.

"నాకు తెలీదనుకున్నారా? రోజూ వింటూనే ఉన్నాను. 'కప్పగంతు ఇవాళ ఎలా ఉంది?' 'పొద్దున్నుంచీ వేడెక్కి ఉంది, ముట్టుకోకు.' 'ఎక్కడ మొదలెడుతుందో, ఎక్కడ తేలుతుందో దానికే తెలీదు.' ఇదంతా మన కొత్త ఫీచర్ గురించేగా?"

ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"ఆ పేరు మాత్రం వద్దు సార్. ఏదో మాలో మేం అనుకునే మాట. బయటివాళ్ళు వింటే నవ్వుతారు."

"నవ్వితేనే కదమ్మా గుర్తుండేది!"

"పరువు పోతుంది సార్."

"ఎవరి పరువు?"

ఆమె తల దించుకుంది.

"మీరు ఇంతగా వద్దంటున్నారంటే అదే ఖాయం," అన్నాడు డైరెక్టరు. "పేరు పెట్టింది నేనేనని అందరికీ చెప్పండి."

ఆ తర్వాత ఆమె ఎదురు చెప్పలేదు. విడుదల రోజుకి పోస్టరు కూడా తనే దగ్గరుండి వేయించింది. పైన డైరెక్టరు నిలువెత్తు ఫోటో, కింద 'కప్పగంతు'. అక్షరాలు ఇంకా పెద్దవి చేయించమన్నాడాయన. చేయించింది.

విడుదల రోజున హాలు నిండా టీచర్లు. ఫీచర్ పనితీరు చూసి ముచ్చటపడ్డారు. ఛైర్మన్ మైకు అందుకున్నాడు.

"బ్రహ్మాండమైన పేరు! ఎవరు పెట్టారు?"

"నేనే సార్," అన్నాడు డైరెక్టరు, కోటు సర్దుకుంటూ.

"అయితే ఇవాళ్టి నుంచి కప్పగంతు అంటే మీరే, మీరంటే కప్పగంతే!"

వెనక వరసల్లో ఆఫీసువాళ్ళు ఈలలు వేశారు. టెస్టర్ కళ్ళు తుడుచుకుంటోంది. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఆమే. అరచేతులు మండేదాకా కొట్టింది.

వేదిక దిగి వస్తూ డైరెక్టరు ఆమె దగ్గర ఆగాడు. "చూశారా? మీరు వద్దన్న పేరే ఇది."

"మీరే రైటు సార్," అంది ఆమె. ఏడాదిగా మండుతున్న ఆమె మనసు అప్పటికి చల్లబడింది.

కొత్త ఫీచర్‌ని తయారైనన్నాళ్ళూ ఆఫీసులో అందరూ 'బొంగరం' అనే పిలిచారు గానీ, 'కప్పగంతు' అన్నది మాత్రం సీనియర్లందరి నెత్తిమీంచీ దూకి డైరెక్టరు కుర్చీలో వాలిన రోజున ఆయనకే వాళ్ళు పెట్టుకున్న పేరు.